తూకపు రాళ్లను ఎంచేది ఎవరు? ఓటింగ్ యంత్రాల ప్రమాణాలపై, నిపుణుల ఎంపికపై ఒక సంవాదం

మొదటి వక్త: ఓటింగ్ యంత్రానికి ప్రమాణాలు రాయడమంటే ఆ యంత్రం ఏమి చేయాలో, ఏమి చేయకూడదో, చేయకూడనిది చేయలేదని పోలింగ్ ముగిశాక దేన్ని చూసి నమ్మాలో ముందుగానే నిర్ణయించి పెట్టడం. మైక్రోకంట్రోలర్ల గురించి, అంటే యంత్రం నడకనంతా తమలో ఇముడ్చుకున్న చిన్న చిప్‌ల గురించి, క్షుణ్ణంగా తెలిసినవారే చేయగల పని ఇది. అలా తెలిసినవారిని ఎంచుకునే అధికారం, పోలింగ్ రోజున ఏ పొరపాటు జరిగినా దేశానికి జవాబు చెప్పవలసిన కేంద్ర ఎన్నికల సంఘానికే ఉండడం న్యాయం. 1982లో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో ఈవీఎంలు వాడినప్పుడు, చట్టంలో అందుకు చోటు లేదని సుప్రీంకోర్టు 1984లో ఆ పోలింగును కొట్టివేసింది. తర్వాత పార్లమెంటు చట్టాన్ని సవరించింది, ఎన్నికల సంస్కరణలపై దినేశ్ గోస్వామి కమిటీ యంత్రాన్ని నిపుణులు పరీక్షించాలన్నది, ఆచార్య ఎస్. సంపత్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిటీ ఏర్పడి 1990 ఏప్రిల్‌లో ఏకగ్రీవంగా యంత్రానికి ఆమోదం తెలిపింది. ముగ్గురూ ఎలక్ట్రానిక్స్ రంగంలో పేరున్నవారే, ఎవరూ రాజకీయ పక్షాలకు చెందినవారు కారు. చిన్న కమిటీ, స్పష్టమైన ప్రశ్న, సకాలంలో జవాబు: ఇంతకంటే మంచి పద్ధతిని ఊహించడం కష్టం.

రెండవ వక్త: అదే చరిత్రను మరికొన్నేళ్లు ముందుకు చదివితే ఇంకో సంగతి కనిపిస్తుంది. 1990 నాటి కమిటీలో సభ్యుడైన ఆచార్య పి.వి. ఇందిరేశన్, 2006లో మెరుగుపరచిన యంత్రాన్ని పరిశీలించడానికి ఎన్నికల సంఘం నియమించిన రెండవ కమిటీకి అధ్యక్షుడయ్యారు. ఐఐటీ మద్రాసుకు డైరెక్టర్‌గా పనిచేసిన ఆయన ప్రతిభను గానీ నిజాయతీని గానీ శంకించనక్కర లేదు, ఇక్కడి ప్రశ్న వ్యక్తిది కాదు, ఎంపిక చేసిన తీరుది. పదహారేళ్ల క్రితం తాను బాగున్నదని సంతకం చేసిన యంత్రం, మధ్యలో 2004 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా వాడిన యంత్రం, దాన్ని మౌలికంగా మార్చాలని చెప్పగల స్వేచ్ఛ ఎంతటివారికైనా ఏ మేరకు ఉంటుంది? తన పెరుగు పుల్లనని ఎవరూ అనరు. యంత్రాన్ని వాడే సంస్థే పరీక్షకులను నియమిస్తే, ఆ పరీక్షకులు పాతవారే అయితే, పరీక్షలో అడిగే ప్రశ్నలు కూడా పాతవే అవుతాయి.

మొదటి వక్త: ఆ ఆక్షేపణలో సగం ఒప్పుకోదగినదే, కానీ మిగతా సగానికి 2006 నాటి కమిటీ చేసిన పనే సమాధానం. బ్యాలెట్ యూనిట్ మీద ప్రతి మీట నొక్కుడుకూ గడియారపు సమయం నమోదు కావాలన్నది, ఓటరు నొక్కే బ్యాలెట్ యూనిట్‌కూ అధికారి వద్ద ఉండే కంట్రోల్ యూనిట్‌కూ మధ్య తీగలో పోయే సమాచారం మారుతూ ఉండే సంకేతాల్లో ఉండాలన్నది ఆ తరం యంత్రాల్లోకి వచ్చిన మార్పులే. తన పాత నిర్ణయాన్ని కాపాడుకోవడమే పనిగా పెట్టుకున్న కమిటీ ఇలాంటివి కోరదు. పైగా ఒక యంత్రం లోతుపాతులు అర్థం కావడానికి ఏళ్లు పడుతుంది, ఎన్నిక ఎన్నికకూ కొత్తవారిని తెస్తే వారు నేర్చుకునేలోపే పోలింగ్ తేదీ వస్తుంది.

రెండవ వక్త: అనుభవానికి విలువ ఉన్నది నిజమే. అయితే ఏ విద్యలో అనుభవం అన్నది కూడా అడగాలి. యంత్రం ఎండకూ ధూళికీ తడబడకుండా పనిచేస్తుందా అని చూసేది విశ్వసనీయతకు సంబంధించిన విద్య. అధికారో, కర్మాగారంలో ఉద్యోగో, గోదాముకు తాళం వేసేవాడో దురుద్దేశంతో ఉంటే ఈ యంత్రం ఏమవుతుంది అని ఆలోచించేది వేరే విద్య, దానికి కంప్యూటర్ భద్రత అని పేరు. 2010లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రోప్ ఖోంగ్రైప్, హైదరాబాద్‌కు చెందిన ఒక ఇంజినీరు, మరికొందరు సహచరులు కలిసి ప్రచురించిన పరిశోధన పత్రం ఈ తేడానే ఎత్తి చూపింది. కంట్రోల్ యూనిట్‌లో ఓట్ల అంకెలు చూపే చిన్న పలకను తీసి, చూడడానికి అచ్చంగా అలాంటిదే అయిన మరో పలకను పెడితే, లోపల లెక్క సరిగానే ఉన్నా బయట కనిపించే అంకెలు వేరుగా ఉండేలా చేయవచ్చని వారు చేసి చూపారు. రెండు కమిటీల్లోనూ భద్రతా శాస్త్రం ప్రధాన విద్యగా ఉన్నవారు లేరని, ప్రోగ్రాము మూలపాఠాన్ని, అంటే సోర్స్ కోడ్‌ను, ఆ కమిటీలు పరిశీలించలేదని కూడా ఆ పత్రం ఆక్షేపించింది. ఆ తర్వాత హైదరాబాద్ ఇంజినీరును, యంత్రం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమంటూ అరెస్టు చేశారు. కమిటీలో కూర్చోబెట్టి వినవలసిన మాటను పోలీస్ స్టేషన్‌లో వినవలసి వచ్చిందన్నమాట.

మొదటి వక్త: ఆ పరిశోధకులు చూపింది బల్ల మీద విప్పి పెట్టిన ఒక యంత్రాన్ని. ఎన్నికలో యంత్రం ఒంటరిగా ఉండదు: పార్టీల ప్రతినిధుల ఎదుట మొదటి స్థాయి తనిఖీ జరుగుతుంది, ఏ యంత్రం ఏ నియోజకవర్గానికి, ఆపై ఏ పోలింగ్ కేంద్రానికి పోతుందో రెండు విడతలుగా యాదృచ్ఛికంగా నిర్ణయిస్తారు, సీళ్ల మీద ఏజెంట్ల సంతకాలుంటాయి, ఓటింగుకు ముందు ఏజెంట్ల సమక్షంలోనే కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ జరుగుతుంది. ఒక్క ఉదాహరణ చాలు. ఈవీఎం నిమిషానికి నాలుగైదు ఓట్లకు మించి తీసుకోదు. ఏ చిప్‌కూ అంత నిదానం అవసరం లేదు. పోలింగ్ కేంద్రాన్ని ఆక్రమించిన ముఠా ఒక గంటలో ఎన్ని ఓట్లు గుద్దగలదో తెలిసిన పాలనానుభవం నుంచి పుట్టిన ప్రమాణం అది. పేపరు బ్యాలెట్ల కట్టలు కట్టలుగా ముద్రలు పడిన రోజులు ఎరగని పరిశోధకుడు ఆ ప్రమాణాన్ని తనంత తాను రాయలేడు.

రెండవ వక్త: ఆ మాటతో విభేదం లేదు, నిజానికి అది కమిటీని విశాలం చేయమనే వాదానికే బలమిస్తుంది. బూత్ సంగతి తెలిసిన అధికారి కావాలంటే కమిటీలో ముగ్గురు ఆచార్యులే చాలరని ఒప్పుకున్నట్టే కదా. అమెరికా 2002లో చేసిన ఓటింగ్ సంస్కరణల చట్టం ఈ పనిని ఎవరి ఇష్టానికీ వదలకుండా కమిటీ కూర్పును చట్టంలోనే రాసింది. ఎన్నికల సహాయ కమిషన్‌కు ప్రమాణాలు సూచించే సాంకేతిక కమిటీలో పదిహేనుమంది ఉంటారు: జాతీయ ప్రమాణాల, సాంకేతిక సంస్థ డైరెక్టర్ అధ్యక్షుడు, మిగిలిన పద్నాలుగు మందిలో ఎన్నికలు నిర్వహించే అధికారులు, వికలాంగుల సౌకర్యాలను చూసే ఫెడరల్ బోర్డు సభ్యులు, ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంస్థ ప్రతినిధి, రాష్ట్రాల ఎన్నికల డైరెక్టర్ల తరఫున ఒకే పార్టీకి చెందని ఇద్దరు, ఓటింగ్ యంత్రాలపై శాస్త్రీయ పరిజ్ఞానమున్న మరికొందరు. గూఢలిపి శాస్త్రంలో ఆర్‌ఎస్‌ఏ పద్ధతిని కనిపెట్టిన ముగ్గురిలో ఒకరైన రొనాల్డ్ రివెస్ట్ ఈ కమిటీలో కూర్చుని, జాన్ వాక్‌తో కలిసి సాఫ్ట్‌వేర్ స్వతంత్రత అనే సూత్రాన్ని ప్రతిపాదించారు. సాఫ్ట్‌వేర్‌లో ఎవరికీ దొరకని దోషం ఉన్నంత మాత్రాన ఫలితంలో ఎవరికీ దొరకని తేడా రాకూడదన్నది దాని సారం. 2006 డిసెంబరులో ఈ సూత్రం ఓటుకు వచ్చినప్పుడు కమిటీ ఆరుగురు అటు, ఆరుగురు ఇటుగా చీలింది, మరుసటి రోజు రాబోయే తరం యంత్రాలకు వర్తించేలా మలిచిన తీర్మానం గట్టెక్కింది. ఆ చీలిక బహిరంగంగా జరిగింది, ఎవరు ఎందుకు కాదన్నారో ప్రజలకు తెలిసింది. ఏకగ్రీవం కంటే ఆ ఆరు-ఆరు చీలికే నిపుణుల అసలు ఆలోచనను ఎక్కువగా చూపింది.

మొదటి వక్త: దాని తర్వాతి కథ కూడా చెప్పాలి. ఆ కమిటీ 2007లో సమర్పించిన సిఫార్సుల్లోని ఈ సూత్రం అమెరికా ప్రమాణాల్లోకి పూర్తిగా ఎక్కింది 2021 ఫిబ్రవరిలో. పద్నాలుగేళ్లు! పదిమంది చేతిలో పడ్డ పాము చావదన్న సామెత ఊరికే పుట్టలేదు. ఆపైన ఆ ప్రమాణాలు పేరులోనే స్వచ్ఛందమైనవి, రాష్ట్రాలు పాటిస్తే పాటిస్తాయి, లేకపోతే లేదు. ఈలోగా ఇక్కడ ఓటు పడిందో లేదో ఓటరుకు చీటీ మీద చూపే వీవీప్యాట్ కోసం 2010లో పార్టీల సమావేశం జరిగింది, 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో వాడారు, 2019 లోక్‌సభ ఎన్నికల నాటికి ప్రతి పోలింగ్ కేంద్రానికీ చేర్చారు.

రెండవ వక్త: పద్నాలుగేళ్లలో నాలుగేళ్లు కమిటీది కాదు. 2010 డిసెంబరు నుంచి 2014 చివరి వరకు అమెరికా ఎన్నికల సహాయ కమిషన్‌లో కోరం లేదు, కొంతకాలం ఒక్క కమిషనర్ కూడా లేరు, ఖాళీ కుర్చీలు ఏ ప్రమాణాన్నీ ఆమోదించలేవు. అయితే మిగిలిన జాప్యంలో కమిటీ వైశాల్యానికి కూడా వాటా ఉన్నదన్నది నిజం, అందుకు కారణమూ చిన్నది కాదు. కాగితం మీద అచ్చయిన ఓటును ఓటరు స్వయంగా చూసుకోవాలని భద్రతా నిపుణులు పట్టుబడితే, చూపులేని ఓటరు ఆ కాగితాన్ని ఎవరి సాయంతో చదవాలి, రహస్య ఓటు అతనికి వర్తించదా అని అందుబాటు నిపుణులు అడిగారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఒక్క విద్యవారితోనే కమిటీ వేస్తే ఈ ఘర్షణ లేకుండా పోదు, అది గదిలో జరగడానికి బదులు పోలింగ్ కేంద్రంలో ఓటరు మీద పడుతుంది.

మొదటి వక్త: ఓటరు మీద పడడమన్నది కాస్త పెద్ద మాట.

రెండవ వక్త: నిజామాబాదును చూస్తే పెద్దది కాదనిపిస్తుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయగా అక్కడ 185 మంది బరిలో నిలిచారు. ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద పదహారు మీటలే ఉంటాయి కాబట్టి, నోటాతో కలిపి 186 గళ్ల కోసం ప్రతి పోలింగ్ కేంద్రంలోనూ పన్నెండు యూనిట్లను ఎల్ అక్షరం ఆకారంలో పేర్చారు. ఎం3 అనే మూడవ తరం యంత్రానికి ఇరవై నాలుగు యూనిట్ల వరకు తగిలించవచ్చన్నది ఎలక్ట్రానిక్స్ నిపుణులు ఇచ్చిన ప్రమాణం, దాన్ని యంత్రం చక్కగా నిలబెట్టుకున్నది. కానీ ఒక ముసలమ్మ ఆ పన్నెండు పలకల ముందు నిలబడి తన గుర్తును ఎంతసేపట్లో వెతుక్కోగలదు, వెతకలేక చేతికందిన మీట నొక్కి వచ్చేవారు ఎందరు అన్న ప్రశ్న తీగలకూ చిప్‌లకూ చెందినది కాదు. 2006లో ఫ్లోరిడాలోని సరసోటా కౌంటీలో అమెరికా కాంగ్రెస్ సీటుకు దాదాపు 18,000 మంది ఓటు వేయకుండానే తెర దాటిపోయారు, గెలుపు తేడా 369 ఓట్లు. తర్వాత జరిగిన పరీక్షల్లో యంత్రం చెడిపోయిన ఆధారమేమీ దొరకలేదు. ఆ పోటీ తెర పైభాగంలో, కింది పెద్ద శీర్షికకు మరుగున ఉండడం వల్ల చాలామంది చూపు దాన్ని దాటిపోయిందన్నది బలంగా వినిపించిన వివరణ. దాన్ని ముందే పసిగట్టగల విద్య ఉన్నది, ఆ విద్యవారికి కమిటీలో కుర్చీ కావాలి.

మొదటి వక్త: నిజామాబాదు సంగతిలో వాదించడానికి ఏమీ లేదు. పోలింగ్ అనుకున్న రోజునే, ఏప్రిల్ 11నే, జరిగిందన్నది పాలనకు గౌరవమే గానీ ఓటరు సౌకర్యానికి రుజువు కాదు. వీవీప్యాట్ గాజు వెనక చీటీ ఏడు సెకన్లే కనిపించడం కూడా అలాంటిదే: క్రమసంఖ్య, పేరు, గుర్తు మూడూ చదవడానికి ఎవరికి ఎంత సమయం పడుతుందో కొలిచి చూసేవారు గదిలో ఉండడం మేలు. అయితే ఎన్ని విద్యలను పిలిచినా ప్రశ్న వేయవలసింది మాత్రం బాధ్యత ఉన్న సంస్థే. ఎన్ని వీవీప్యాట్ల చీటీలు లెక్కించాలి అని ఎన్నికల సంఘం గణాంక శాస్త్రజ్ఞులను అడిగినప్పుడు, భారతీయ గణాంక సంస్థకు చెందినవారితో కూడిన బృందం 479 యంత్రాలు చాలునని చెప్పింది. ఇందులో మర్మమేమీ లేదు. దేశంలోని యంత్రాల్లో రెండు శాతం దోషంతో ఉంటే, యాదృచ్ఛికంగా తీసిన 479లో ఒక్కటి కూడా దోషమున్నది రాకపోవడం పదివేలలో ఒక్కసారి కూడా జరగదు. స్పష్టంగా అడిగితే నిపుణులు ఇంత స్పష్టంగా చెబుతారు.

రెండవ వక్త: జవాబు తిరుగులేనిది, ప్రశ్న మాత్రం ఎవరో తయారుచేసి చేతికిచ్చినది. 479 సరిపోతుందనడంలో ఒక ఊహ దాగి ఉన్నది: దేశంలోని పది లక్షల పైచిలుకు యంత్రాలూ ఒకే రాశి అన్న ఊహ. గెలుపోటములు దేశం మొత్తానికి ఒకేసారి తేలవు, 543 నియోజకవర్గాల్లో విడివిడిగా తేలుతాయి. 2019 ఏప్రిల్ 8న, అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మొదలైన ఇరవై ఒక్క ప్రతిపక్ష నాయకులు సగం యంత్రాల చీటీలు లెక్కించాలని కోరిన కేసులో, సుప్రీంకోర్టు శాసనసభ సెగ్మెంటుకు ఒకటిగా ఉన్న లెక్కింపును ఐదుకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ లోక్‌సభ స్థానానికి ఏడు సెగ్మెంట్లు కాబట్టి ముప్ఫై ఐదు యంత్రాలన్నమాట. ఒక్క నియోజకవర్గంలోనే, అక్కడి యంత్రాల్లో రెండు శాతంలోనే మోసం జరిగితే, ఆ ముప్ఫై ఐదింటిలో అది ఒక్కసారి కూడా తగలకుండా తప్పించుకునే అవకాశం దాదాపు సగం. ఒకే గణితం, ఒకే రెండు శాతం. రాశిని ఎక్కడ గీత గీసి విడదీశారన్నదే తేడా. ఆ గీత గీసిన చేయి నిపుణుడిది కాకపోతే ఎవరిదో తెలియాలి, నిపుణుడిదే అయితే అతన్ని ఎవరు ఎంచారో తెలియాలి.

(నియోజకవర్గంలో రెండు శాతం యంత్రాలు మారినంత మాత్రాన ఫలితం మారదని, తేడా బాగా తక్కువైన చోటనే మారుతుందని, ఈ వాదం ఆ సంగతిని పక్కన పెట్టి నడిచిందని చదువరి గమనించాలి.)

మొదటి వక్త: ఐదేసి చొప్పున దేశం మొత్తం మీద ఇరవై వేలకు పైగా యంత్రాల చీటీలు లెక్కిస్తారు, ప్రోగ్రాములోనే దోషమున్నట్లయితే అది ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు. ఇక, ఒక్కొక్క నియోజకవర్గాన్ని వేరు రాశిగా చూడాలా వద్దా అన్నది శాస్త్రం తేల్చే విషయం కాదు, ఎంత శ్రమకు ఎంత నమ్మకం కావాలన్న ప్రజానిర్ణయం, దాన్ని కోర్టు తేల్చింది. నిపుణుల కమిటీ ఎంత విశాలమైనా ఆ నిర్ణయం దానిది కాకూడదు. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చి 3న ఇచ్చిన తీర్పు ఇంకా ముందుకు పోయింది: ఓటింగులోని ముఖ్యమైన దశలను ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేని పౌరుడు సైతం సరిచూసుకోగలగాలని, 2005 ఎన్నికల్లో వాడిన యంత్రాలు అందుకు వీలివ్వలేదని చెప్పింది. దీని ముందు విశాలమైన కమిటీ కూడా ఇరుకైనదే. భద్రతా నిపుణుణ్ణి చేర్చినా, విమర్శకుణ్ణి చేర్చినా, పౌరుడు నమ్మవలసింది మరొకరి మాటనే.

రెండవ వక్త: ఆ దెబ్బ రెండు వైపులా తగులుతుంది, విశాల కమిటీ వాదానికి కాస్త గట్టిగానే తగులుతుంది. ఎంతమంది పండితులు కలిసి సంతకం చేసినా అది పండితుల సంతకమే. అందుకే నిపుణుడి పని యంత్రం మంచిదని హామీ ఇవ్వడం కాక, యంత్రం చెడ్డదైతే సామాన్యుడికి తెలిసేలా ఒక ఆనవాలు మిగిల్చేట్టు ప్రమాణం రాయడం అని చెప్పుకోవాలి. చీటీ అలాంటి ఆనవాలు. పార్టీ ఏజెంటుగా కూర్చున్న ఊరి కుర్రవాడు కూడా లెక్కపెట్టగలడు. తన విద్యను నమ్మమని అడగకుండా తన విద్య అవసరమే లేకుండా చేసే నిపుణుణ్ణి ఎంచుకోవడమే ఇక్కడ కష్టమైన ఎంపిక.

మొదటి వక్త: ఆ చీటీ ఏ సిరాతో ఉండాలో, పెట్టెలో ఎన్నాళ్లు చెడకుండా ఉండాలో, 2024 ఏప్రిల్ 26 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం నలభై ఐదు రోజులు సీలు వేసి ఉంచవలసిన గుర్తుల లోడింగ్ యూనిట్‌ను, అంటే అభ్యర్థుల గుర్తులను వీవీప్యాట్‌లోకి ఎక్కించే పరికరాన్ని, ఎలా భద్రపరచాలో చెప్పడానికి మళ్లీ ఇంజినీరే కావాలి. అతను యంత్రం తయారుచేసే హైదరాబాద్ ఈసీఐఎల్, బెంగళూరు బీఈఎల్ వారితో మాట్లాడక తప్పదు. తయారీదారుతో ఏ సంబంధమూ లేని నిపుణుడిలో తరచుగా యంత్రంతో పరిచయం కూడా లోపిస్తుంది.

రెండవ వక్త: మాట్లాడడం వేరు, మాట్లాడినట్టు చెప్పకపోవడం వేరు. ప్రతి సభ్యుడూ తన పరిశోధన నిధులు, సలహా ఒప్పందాలు బయటపెట్టాలి, ఎవరిని ఏ విద్య కోసం ఎంచారో కారణం రాతపూర్వకంగా ఉండాలి, ఒప్పుకోనివారి అసమ్మతి నివేదికతో పాటే అచ్చు కావాలి, ఈ మూడింటికీ చట్టం సవరించవలసిన పని కూడా లేదు. వీటితో పాటు యంత్రాన్ని బహిరంగంగా విమర్శించినవారికి ఒక కుర్చీ ఉండాలి.

మొదటి వక్త: మొదటి మూడింటికి అభ్యంతరం లేదు, నిజానికి అవి ఉంటే ఎన్నికల సంఘానికే బలం. నాలుగవదాని దగ్గరే చిక్కు. విమర్శకులు ఒక్కరు కారు: సోర్స్ కోడ్ చూపమనేవారు ఉన్నారు, అన్ని చీటీలూ లెక్కించమనేవారు ఉన్నారు, యంత్రమే వద్దు, పేపరు బ్యాలెట్ కావాలనేవారు ఉన్నారు. వీరిలో ఎవరిని ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి? ఎన్నికల సంఘమే ఎంచితే అతను సంఘానికి నచ్చిన విమర్శకుడు అవుతాడు. పార్టీలు ఎంచితే గెలిచిన ఎన్నికల్లో యంత్రాన్ని పొగిడి ఓడిన ఎన్నికల్లో తప్పుబట్టే పార్టీల మనిషి అవుతాడు.

రెండవ వక్త: అమెరికా చట్టం ఆ ఇద్దరు రాష్ట్ర ప్రతినిధులు ఒకే పార్టీవారు కాకూడదని మాత్రమే చెప్పి ఊరుకున్నది, రెండు పార్టీల దేశంలో అది సరిపోయి ఉండవచ్చు. ఇక్కడ ఆ ఎంపికను కంప్యూటర్ శాస్త్రజ్ఞుల వృత్తి సంఘాలకో, విశ్వవిద్యాలయాలకో అప్పగించవచ్చు. అప్పుడు ఆ సంఘంలో ఓటు ఎవరికి ఉన్నది, వారు ఎలా ఓటు వేస్తారు అన్న ప్రశ్న మిగిలే ఉంటుందని ఒప్పుకోవలసిందే.